పాత 9.9 ఇంజనుకి ఏ ప్రొపెల్లర్ వేయాలి?

ఉప్పాడ కుర్రాడు:
మా నాన్న ఫైబర్ బోటుకి పాత టూ స్ట్రోక్ 9.9 హెచ్‌పీ ఇంజను. మొన్న ఒడ్డుకి వస్తుంటే రాయి తగిలి ప్రొపెల్లర్ రెక్క ఒకటి వంగింది, ఇంకోదాని అంచు ఊడింది, మీద అంకెలేమో అరిగిపోయాయి. కొట్టాయన పిచ్ ఎక్కువున్నది తీసుకో, స్పీడొస్తుంది అంటున్నాడు. వలలు, ఐసు, నలుగురు మనుషులు ఎక్కితే ఇప్పటికే ఇంజను మూలుగుతోంది. స్టీలుది వేస్తే మంచిదా?

సముద్రం బాబాయ్:
వద్దు బాబూ. పిచ్ అంటే ఒక్క చుట్టుకి జారకుండా వెళ్తే బోటు ఎన్ని అంగుళాలు కదులుతుందనే లెక్క. అది పెంచితే బరువు మీద ఇంజను ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అంగుళం తగ్గిస్తే ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు, సుమారు 150 నుంచి 200 పెరుగుతుంది. రోజూ వేసే బరువంతా వేసి ఆ చుట్లు కొలిచే టాకోమీటర్‌తో చూడు, మాన్యువల్‌లో ఇచ్చిన ఆర్‌పీఎం రేంజ్ అందకపోతే పిచ్ తగ్గించు, దాటిపోతే పెంచు. స్టీలు జోలికి పోకు, మళ్లీ రాయి తగిలితే అల్యూమినియం వంగి గేర్లని కాపాడుతుంది.

పాత మెకానిక్:
పాతది వెంట తీసుకెళ్లు, షాఫ్టు పళ్ల లెక్క కలవకపోతే ఎంత మంచిదైనా ఎక్కదు. వ్యాసానికి, హబ్ (రెక్కలు అతికి ఉండే మధ్య భాగం) నడిమధ్య నుంచి బాగున్న రెక్క కొస దాకా కొలిచి రెండింతలు చేయి. విప్పినప్పుడు వెనకాల వల దారం చుట్టుకుందేమో చూడు, అది గేర్లలోకి నీళ్లు రాకుండా ఆపే సీలుని కోసేస్తుంది. గేర్ ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు దిగినట్టే.

ఉప్పాడ కుర్రాడు:
విప్పాను. దారం ఉంది!