'సుచ్చీసా విరేషిత్'కు తెలుగు మాట

పోస్టు:
మా విచారణ (చర్చి) పత్రిక కోసం ఇటలీలోని మోంటే కస్సీనో మఠం గురించి రాస్తున్నానండీ. ఆ మఠం లాటిన్ నినాదం 'సుచ్చీసా విరేషిత్'. 'నరికినా చిగురిస్తుంది' అని రాశాను గానీ తృప్తిగా లేదు. మీరైతే ఏమంటారు?

జవాబు:
మీకు తృప్తి లేకపోవడం సబబేనండీ. 'సుచ్చీసా' అంటే మొదలంటా నరికినది. కొమ్మ కొడితే చిగురు, మొదలు కొడితే పిలక. మా పెరటి వేపను మొదలంటా కొట్టేశారు. రెండు వానలు పడ్డాక చూస్తే మోడు అంచున, బెరడుకూ చెక్కకూ మధ్య నుంచి ఎర్రటి లేత పిలకలు! 'విరేషిత్' అంటే సరిగ్గా అదే, పచ్చబడటం మొదలవడం.

ఆ మఠం కథా అంతే. పునీత బెనెడిక్ట్ సుమారు 529లో ఆ కొండ మీద స్థాపించారు. ఆరో శతాబ్దం చివర్లో ఇటలీ మీదికి దండెత్తి వచ్చిన లొంబార్డులనే జర్మానిక్ జాతివారు కొల్లగొడితే సన్యాసులు రోమ్ వెళ్లిపోయారు. మళ్లీ మఠం లేచింది 718 ప్రాంతంలో. అంటే వందేళ్లు దాటి ఉత్త మోడే! తిరిగి కట్టినవారిలో పాత మఠాన్ని కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు. దాన్ని చిగురు అనడానికి నాకు మనసొప్పదు. తర్వాత 883లో సారసెన్ల (అరబ్బు ముస్లిం సైనికుల) దాడి, 1349లో భూకంపం. 1944 ఫిబ్రవరి 15న మిత్రరాజ్యాల విమానాలు బాంబులు కురిపించాయి. వృద్ధ మఠాధిపతి గ్రెగోరియో దియామారే మిగిలినవారిని వెంటబెట్టుకుని శిథిలాల్లోంచి కొండ దిగారు. ఎక్కడ ఉండేదో అక్కడే, ఎలా ఉండేదో అలాగే తిరిగి కట్టారు. 1964 అక్టోబరు 24న పోపు ఆరవ పౌలు దేవాలయాన్ని ప్రతిష్ఠించారు.

మన పద్యమూ ఒకటి ఉంది. భర్తృహరి 'ఛిన్నోఽపి రోహతి తరుః' అన్నదాన్ని ఏనుగు లక్ష్మణకవి 'ఖండితంబయ్యు భూజంబు వెండి మొలచు' అని తెనిగించారు. ఇక్కడ 'భూజంబు' అంటే చెట్టు, 'వెండి' అంటే మళ్లీ అని. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! లాటిన్ వాక్యంలో 'మళ్లీ' అనే మాటే లేదు, మనవాళ్లు పైకే అనేశారు.

పోస్టు చేసినవారు:
చాలా సంతోషమండీ. 'మొదలంటా నరికినా పిలక వేస్తుంది' అని పెడతాను. పట్నం పిల్లలు పిలక అంటే జుట్టనుకుంటారేమో?

జవాబు:
బహువచనంలో పెట్టండి. 'పిలకలు వేస్తుంది' అంటే వరిచేను గుర్తొస్తుంది.