పాటల రేడియో కుర్రాళ్ళకి ఇంకా కావాలా?

లంక మాస్టారు (అమలాపురం):
2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం ఛానెళ్ళ వేలానికి ఒప్పుకుంది. ఎవరి కోసమండీ ఇవన్నీ? మా వీధిలో కాలేజీ పిల్లల్ని అడిగితే రేడియో అంటే కారులో ఉండే బటన్ అన్నారు. నా ఉద్దేశంలో తప్పు పిల్లలదే. ఒక పాట చివరిదాకా వినే ఓపిక లేదు వీళ్ళకి. చరణం మొదలవగానే వేలు తెర మీదికి వెళ్ళిపోతుంది. శ్రోతలు కోరిన పాటలు వేసే జనరంజనిలో మన పాట వస్తుందో రాదో తెలియక కార్డు రాసి కాచుకుని కూర్చున్నవాళ్ళం మేము.

చెరువుగట్టు (భీమవరం దగ్గర):
ఓపిక లేదంటారేంటి మాస్టారూ. రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు చూసుకుంటూ కూర్చునేవాడిని నేను. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, లేకపోతే ఆక్సిజన్ పడిపోయి పంట మొత్తం పోతుంది. నిద్ర రాకుండా చెవిలో ఏదో ఒకటి మోగుతూనే ఉండాలి, అంటే వినేవాళ్ళలో నాకంటే ఎక్కువసేపు వినేవాడు ఉండడు. అయినా రేడియో పెట్టను. ఎందుకంటే వేసిన పాటే మళ్ళీ వేస్తారు, మధ్యలో నగల కొట్టు, మళ్ళీ అదే పాట.

సైలెంట్ రీడర్:
కారులో వింటాం. అది కూడా బ్లూటూత్ కలవనప్పుడు.

వైరులేనిఫోన్ (కాకినాడ):
అసలు కారణం ఎవరూ చెప్పట్లేదు. ఫోన్లో రేడియో పలకాలంటే ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. కొత్త ఫోన్లకి ఆ రంధ్రమే తీసేశారు, చాలావాటిలో రేడియో కూడా ఆపేశారు. 2023లో కేంద్ర ఐటీ శాఖ, ఫోన్లలో ఎఫ్ఎం తెరిచి ఉంచండని కంపెనీలకి సూచన ఇచ్చింది. సూచన అంతే. చేతిలో రేడియో లేనివాడు వినట్లేదని తిట్టడం ఏంటి?

చెరువుగట్టు:
నా ఫోన్లో రేడియో ఉంది అన్నా. అయినా వినను అంటున్నాను కదా.

వైరులేనిఫోన్:
నీ ఒక్కడి ఫోన్ గురించి కాదు. వైరు పెట్టుకుని వింటున్నావా లేదా?

పడవల రేవు:
1996 నవంబరు తుపానుకి కోనసీమలో స్తంభాలన్నీ పడిపోతే బ్యాటరీ రేడియోనే దిక్కు. మర్చిపోయారా అందరూ?

సైలెంట్ రీడర్:
ఇక్కడ మాట్లాడేది పాటల రేడియో గురించండీ.

లంక మాస్టారు:
వైరు గొడవ పక్కన పెట్టండి. చరిత్ర కొంచెం చెబుతాను. 1952లో కేస్కర్ గారు సమాచార శాఖ మంత్రిగా వచ్చాక ఆకాశవాణిలో సినిమా పాటలకి చోటు లేకుండా చేశారు. జనం శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కి వెళ్ళిపోయారు. పాటల కోసం షార్ట్‌వేవ్ ముల్లు తిప్పుకుంటూ ఉండేవాళ్ళం. చివరికి 1957 అక్టోబరులో ఆకాశవాణే సినిమా పాటలు వేసే వివిధ భారతి పెట్టింది. అంటే రేడియో ఇలాంటి గండం ఒకసారి దాటింది. మంచి పాటలు వేస్తే మళ్ళీ వస్తారు.

చెరువుగట్టు:
మీరు చెప్పినదాంట్లోనే ఉంది మాస్టారూ. కుర్రాళ్ళు వదిలేసి పోతేనే ఆకాశవాణి వాళ్ళు దిగొచ్చారు. ఇప్పుడు మేము వదిలేస్తే మాత్రం ఓపిక లేదంటున్నారు. అప్పుడు మీకు సిలోన్, ఇప్పుడు మాకు యూట్యూబ్. 2016లో జియో వచ్చాక డేటా కోసం ఆలోచించడమే మానేశాం.

పాత ఆర్జే (రాజమండ్రి):
చదువుతూ ఊరుకుందామనుకున్నా, కుదరట్లేదు. ఒక ప్రైవేట్ స్టేషన్లో చేశాను, పేరు చెప్పను. పాటల జాబితా పైనుంచి వచ్చేది, ఒక్క పాట మార్చే హక్కు మాకు లేదు. వార్తలు సొంతంగా చదవకూడదు, అది ప్రభుత్వ నిబంధన, సరే. కానీ ట్రాఫిక్, వాతావరణం చెప్పుకోవచ్చు. రావులపాలెం దగ్గర లారీ అడ్డంగా పడిందంటే చెప్పేవాళ్ళం, కార్తీక మాసంలో ఏ ఘాట్ దగ్గర రద్దీ ఉందో చెప్పేవాళ్ళం, జనం ఫోన్ చేసి ఇంకో రెండు ఊళ్ళ సంగతి చెప్పేవాళ్ళు. తర్వాత ఖర్చు ఎక్కువైందని నా షో తీసేసి వేరే నగరంలో రికార్డు చేసింది వేశారు. ఆ అమ్మాయి బాగానే మాట్లాడుతుంది, ఆమెనేం అనను. కానీ రావులపాలెం ఎక్కడుందో ఆమెకి ఎవరు చెబుతారు?

తణుకు బట్టలకొట్టు:
బాధ అర్థమైంది గానీ ఖర్చు సంగతి కూడా చూడండి. నేను ఆషాఢం సేల్‌కి రేడియోలో ప్రకటన ఇచ్చాను. కౌంటర్ దగ్గర ప్రతి ఒక్కరినీ ఎలా తెలిసిందని అడిగించాను. రేడియోలో విన్నామన్నవాళ్ళు లేరు. ఊళ్ళో ఒక అమ్మాయి రీల్ చేసింది, జనం ఫోన్ తెచ్చి ఈ చీర చూపించండి అన్నారు. నేనెక్కడ పెట్టాలి డబ్బు?

పాత ఆర్జే:
అదే చెబుతున్నా. మీలాంటివాళ్ళు ప్రకటనలు తీసేశారు, స్టేషన్ వాళ్ళు మమ్మల్ని తీసేశారు. ఆ రీల్ అమ్మాయి చేసే పనేంటండీ? మన ఊరి మాటలో మన కొట్టు గురించి చెప్పడం. అది మేము చేసిన పనే.

తణుకు బట్టలకొట్టు:
మీ ఉద్యోగం పోతే నా మీద పడతారేం? మీ జీతం నేనెందుకు ఇవ్వాలి? మాట జాగ్రత్త.

పాత ఆర్జే:
జీతం అడగలేదు. రేటు తగ్గించమని బేరం ఆడినవాళ్ళని చాలామందిని చూశాను.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్ళొద్దు. ఇంకోసారి చెప్పను.

లంక మాస్టారు:
కొట్ల డబ్బు మీద నడిస్తే ఇంతే. పాటలైనా పన్ను డబ్బుతోనే నడవాలి. సంగీతం ఏది మంచిదో తెలిసినవాళ్ళు ఎంచి వేయాలి.

చెరువుగట్టు:
ఇక్కడే మాస్టారూ నాకు మండేది. నా పన్నుతో మీకు నచ్చిన పాటలు ఎంచుతారు, ఆయన ప్రకటనతో కంపెనీకి నచ్చినవి ఎంచుతారు. నన్ను ఎవరడిగారు? మా యాస రేడియోలో వినపడేది నవ్వించడానికి మాత్రమే. 'ఆయ్' అనగానే వెనకాల నవ్వులు వేస్తారు. మా చెరువుల మీద రేపు రాత్రి వాన ఉందా లేదా, రొయ్య రేటెంత, ఆ మధ్యలో నాలుగు పాటలు, ఇలా నా మాటలోనే ఎవడైనా మాట్లాడితే తెల్లారేదాకా వింటాను. వైరు పెట్టుకుని మరీ వింటాను.

వైరులేనిఫోన్:
చూశారా, వైరు కావాలి.

పడవల రేవు:
కమ్యూనిటీ రేడియో ఉంది కదా, చుట్టుపక్కల ఊళ్ళ కోసం నడిపే చిన్న స్టేషన్. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకీ అనుమతి ఇస్తున్నారు, సగం కార్యక్రమాలు స్థానికంగా తయారవ్వాలి. 2024లో ప్రకటనల సమయం గంటకి 7 నిమిషాల నుంచి 12కి పెంచారు, ప్రభుత్వ ప్రకటన రేటు 10 సెకన్లకి 74 రూపాయలు చేశారు. కానీ పవర్ 100 వాట్లే, మహా అయితే పది కిలోమీటర్లు. భీమవరం చుట్టుపక్కల చెరువులకి సరిపోతుంది.

లంక మాస్టారు:
రొయ్య రేటు చెబితే అది సంగీతం ఎలా అవుతుంది?

చెరువుగట్టు:
అవ్వక్కర్లేదు మాస్టారూ.

తణుకు బట్టలకొట్టు:
పది కిలోమీటర్లయితే తణుకు రాదు. భీమవరంలో మా రెండో కొట్టుంది. 74 అంటే ప్రభుత్వం ఇచ్చే రేటు, మా దగ్గర ఎంత అడుగుతారు?

పాత ఆర్జే:
ముందు నాకు క్షమాపణ చెప్పండి, తర్వాత రేటు మాట్లాడదాం.

తణుకు బట్టలకొట్టు:
రేటు చెప్పండి ముందు.