అప్‌డేట్: షాపు అంకుల్‌కి 140 రూపాయలు ఇచ్చేశాను

పోయిన నెల అడిగాను కదా: రికార్డు బుక్కులకి ఫోన్‌లో కట్టిన 140 రూపాయలు షాపు దాటాక నా అకౌంట్‌లోకే తిరిగొచ్చేశాయి, ఎవరూ అడగలేదు, ఇప్పుడు వెళ్లి చెప్పాలా అని.

శనివారం సాయంత్రం వెళ్లాను. సండే స్కూల్‌లో విన్న, బైబిల్లోని పన్ను వసూలుదారు జక్కయ్య కథే నన్ను వదల్లేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు ఆయన (లూకా 19). మరి నేనూ 560 ఇవ్వాలా అని పాస్టర్ గారిని అడిగితే, "నువ్వు దోచుకోలేదమ్మా, ఆలస్యం చేశావు. బాకీ తీర్చి, క్షమించమని అడుగు" అన్నారు.

అంకుల్ డబ్బు తీసుకుని కౌంటర్ దగ్గరున్న అబ్బాయి వైపు చూశారు. ఆ రోజు లెక్క తగ్గిందని అతన్నే తిట్టి, జీతంలో పట్టుకున్నారట. నాకంటే ఏడాది పెద్దవాడేమో. జిరాక్స్ కాగితాలు చేతిలో అలాగే పట్టుకుని తల వంచుకున్నాడు. నాకు నోట మాట రాలేదు. నా టెన్షనే చూసుకున్నాను గానీ, నా వల్ల ఇంకొకరు మాట పడ్డారని తట్టనేలేదు. "సారీ అన్నా" అన్నాను. "పర్లేదులే" అన్నాడు. అంకుల్ ఆ 140 అతని చేతిలోనే పెట్టారు.

"అది బ్యాంకు పొరపాటు, నీ తప్పేం లేదు" అని అప్పుడు జవాబిచ్చినవాళ్ల మాట నేను ఒప్పుకోలేను. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ రాత్రి ప్రార్థన అయ్యాక చెప్తాను.