కంపెనీ స్టీరియో తీసి బయటి టచ్‌స్క్రీన్ పెట్టాలి: వైర్లు కొయ్యాలా, కప్లర్ కొనాలా?

కొత్తస్క్రూ:

అందరికీ నమస్కారం. కారుతో పాటు వచ్చిన డబుల్ డిన్ (రెండంతస్తుల ఎత్తుండే సైజు) స్టీరియో ఉంది, స్క్రీన్ లేదు. దాని చోట 7 అంగుళాల టచ్‌స్క్రీన్ పెట్టాలి. పాత సెట్ వెనక వెడల్పాటి కప్లర్ (వైర్లన్నీ ఒకేసారి దిగే ప్లగ్) ఒకటి, చిన్న కప్లర్ ఇంకొకటి (ఇది స్టీరింగ్ బటన్లదనుకుంటున్నా), ఏంటెనా ప్లగ్ ఉన్నాయి. కొత్త సెట్‌తో చివర్లు వదిలేసిన వైర్ల గుత్తి వచ్చింది. రెండు వైపుల రంగులూ కలవడం లేదు. కారు వైపు పసుపు అసలు లేనే లేదు, ఎరుపు మాత్రం రెండున్నాయి.

కారు కప్లర్ కోసేసి వైరుకి వైరు మెలిపెట్టి టేపు చుడితే నష్టమేంటి? స్టీరింగ్ బటన్లు పనిచేస్తాయా? వెనక కెమెరా కూడా ఇప్పుడే పెట్టాలంటే ఎక్కడ కలపాలి? మల్టీమీటర్‌తో వోల్టులు, ఓములు చూడడం వచ్చు. ఏంటెనా ప్లగ్ మామూలు పొడుగు పిన్ను కాదు, చిన్న ప్లాస్టిక్ గూడులో ఉంది.

రాగితీగ:

కొయ్యకండి. మీ కారు మోడల్‌కి సరిపోయే అడాప్టర్ కప్లర్ దొరుకుతుంది. ఒక పక్క కారు కప్లర్‌లో దిగుతుంది, రెండో పక్క విడి వైర్లుంటాయి. ఆ విడి వైర్లనీ కొత్త సెట్ గుత్తినీ బల్ల మీద పెట్టుకుని, వెలుతురులో, తీరిగ్గా కలుపుకోవచ్చు. డ్యాష్ గుంతలో తల దూర్చి 16 వైర్లు కలపడం ఎంత నరకమో ఒక్కసారి చేస్తే చాలు. పైగా రేపు పాత సెట్ తిరిగి పెట్టాలంటే రెండు నిమిషాల పని.

మెలిపెట్టి టేపు చుట్టడంలో తప్పు ఏంటంటే, ఎండలో నిలబడ్డ కారులో డ్యాష్ లోపల వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. కుదుపులకి మెలి వదులవుతుంది. అప్పుడు స్పీకర్ మైనస్ వైరు బాడీకి తగిలితే పెద్ద దెబ్బే. ఇప్పటి సెట్లలో స్పీకర్ మైనస్ అనేది ఎర్త్ కాదు. సెట్ ఆన్‌లో ఉండగా స్పీకర్ ప్లస్, మైనస్ రెండింటి మీదా సుమారు 6 వోల్టులుంటాయి. దాన్ని బాడీకి తగిలిస్తే సెట్ తనంతట తాను ఆగిపోతే అదృష్టం, లేదంటే లోపలి యాంప్లిఫయర్ చిప్ పోతుంది. నాలుగు మైనస్‌లూ కలిపి ఒకే ఎర్త్‌కి ఇచ్చేవాళ్లని ఇప్పటికీ చూస్తుంటాం. చాలా పాత కార్లలో అలాగే ఉండేది, ఆ అలవాటు పోలేదు.

ఇక రంగులు. బయటి సెట్ల వైపు రంగులు దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే: పసుపు ఎప్పుడూ 12 వోల్టులుండాల్సినది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది (ఏసీసీ), నలుపు ఎర్త్, నీలం ఏంటెనాకి, నీలం మీద తెల్ల గీత యాంప్లిఫయర్‌కి, నారింజ మీద తెల్ల గీత హెడ్‌లైట్ స్విచ్‌తో వెలిగే లైటుకి. స్పీకర్లు: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. అదే రంగు మీద నల్లగీత ఉంటే అది మైనస్.

కారు వైపు రంగులకి మాత్రం ఏ నియమమూ లేదు. రెండు ఎరుపులని చెప్పారు, ఏది దేనిదో మీటరే చెప్పాలి. మీటరు నల్ల ముల్లు బాడీకి పెట్టి ఇలా చూడండి. తాళం తీసేసినా 12 వోల్టులు చూపించేది పసుపుకి వెళ్లాలి. తాళం ఏసీసీ దాకా తిప్పితే కొత్తగా 12 వచ్చేది ఎరుపుకి. పార్కింగ్ లైటు వేస్తేనే వచ్చేది నారింజకి. కొన్ని కార్లలో ఈ లైటు వైరు మీద 12 రాకుండా 5, 8 అంటూ ఊగుతుంది, వెలుతురు తగ్గించే డిమ్మర్ ఉన్నందుకు. అలాంటిది కలపకుండా వదిలేసినా నష్టం లేదు. స్క్రీన్ రాత్రి కాస్త కాంతిగా ఉంటుంది, అంతే.

ఎర్త్, స్పీకర్లు చూసేటప్పుడు బ్యాటరీ మైనస్ తీసేసి, మీటరు ఓముల మీద పెట్టండి. ఎర్త్ వైరుకీ బాడీకీ మధ్య దాదాపు సున్నా రావాలి. 4 ఓముల స్పీకర్ జత మీద 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది, ముల్లు తగిలించగానే ఆ డోర్‌లోంచి చిన్న టిక్ శబ్దం కూడా వస్తుంది. ఏ డోర్ ఏ జతో దానితోనే తేలిపోతుంది. ప్లస్, మైనస్ తెలియాలంటే 1.5 వోల్టుల సెల్‌ని ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. ఒక్క స్పీకర్ తిరగబడినా శబ్దం వస్తూనే ఉంటుంది కానీ బేస్ పలచబడుతుంది. చాలామంది దీన్ని సెట్ లోపమనుకుంటారు.

పదోనంబర్:

విప్పడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ముందుగా పాత సెట్‌కి కోడ్ ఉందేమో చూసుకోండి. కరెంటు తీస్తే కోడ్ అడిగే సెట్లున్నాయి, రేపు కారు అమ్మేటప్పుడు తిరిగి పెడితే అది కావాలి. తర్వాత 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ తీసి కనీసం 3 నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో నిలవున్న కరెంటు పోవాలి. సెట్ చుట్టూ ప్యానెల్ స్క్రూలు లేకుండా క్లిప్పులతో నిలబడుతుంది. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే ప్లాస్టిక్ మీద గాటు ఖాయం. ప్లాస్టిక్ పట్టీలు వాడండి, చుట్టూ మాస్కింగ్ టేపు అంటించండి. గేర్ ముందున్న అంచు దగ్గర కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో క్లిప్పూ వదిలాక పక్కదానికి వెళ్లండి. చలిలో ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కారు కాస్త వేడెక్కాక లాగితే క్లిప్పులు బతుకుతాయి.

ప్యానెల్ వదిలింది కదా అని గట్టిగా లాగకండి. దాని వెనక హజార్డ్ స్విచ్, కొన్ని కార్లలో ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా తగిలించి ఉంటాయి. వాటి కప్లర్లు ఊడదీసి ఉన్నప్పుడు తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక వెలిగి మెమరీలో నిలిచిపోవచ్చు. మధ్యలో సెట్ పరీక్షించాలంటే ముందు అవి తిరిగి పెట్టాకే.

కొలతలు: డబుల్ డిన్ అంటే 180 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. ఎత్తు. కొన్ని జపాన్ కార్లలో సందు 200 మి.మీ. ఉంటుంది, అప్పుడు రెండు పక్కలా రెక్కలుండే ఫ్రేమ్ కావాలి. పాత సెట్ పక్క బ్రాకెట్లు కొత్తదానికి మార్చేటప్పుడు పాత స్క్రూలే వాడండి. చాలా సెట్లకి సరిపోయేది 5 మి.మీ. మందం, 8 మి.మీ. పొడవు. ఇంట్లో దొరికిన 15 మి.మీ. స్క్రూ బిగిస్తే అది లోపల బోర్డుని గుచ్చుతుంది.

చివరికి సెట్ ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్లనంటుంది. వెనక అడాప్టర్లు, వైర్లు గుట్టపడ్డందుకే అది. చేత్తో నెట్టి బలవంతం చేస్తే ఏదో ఒక కప్లర్ ఊడుతుంది. బయటికి లాగి, గుత్తిని గుంత కింది భాగంలో పక్కకి పరిచి, గుడ్డ టేపు చుట్టండి. టేపు చుట్టకపోతే గతుకుల రోడ్డు మీద టకటక చప్పుడు.

కొత్తస్క్రూ:

రాగితీగ గారూ, పదోనంబర్ అన్నా, ధన్యవాదాలు. అడాప్టర్ తెచ్చి బల్ల మీద కలిపాను, డ్యాష్ మూయకుండా పరీక్షిస్తున్నా. నాలుగు స్పీకర్లూ పలుకుతున్నాయి. రెండు సమస్యలు. తాళం తీసిన ప్రతిసారీ టైము, స్టేషన్లు, బ్లూటూత్ జత అన్నీ చెరిగిపోతున్నాయి. ఎఫ్ఎంలో దగ్గరి స్టేషన్ ఒక్కటే వస్తోంది, మిగతాదంతా హిస్స్. పాత సెట్‌లో అన్నీ బాగా వచ్చేవి. ఏంటెనాకి ప్లగ్ ఆకారం మార్చే ముక్క పెట్టాను. అడాప్టర్ మీద రంగులు సరిగ్గా ఉన్నాయి కాబట్టి మీటర్ పెట్టలేదు.

రాగితీగ:

మీటర్ పెట్టలేదన్న చోటే దొరికారు. అడాప్టర్ తయారుచేసేవాడు ఒక ప్రామాణిక లెక్క ప్రకారం రంగులు వేస్తాడు. ఆ లెక్కే ఐఎస్‌ఓ. ఐఎస్‌ఓ కప్లర్‌లో 4వ పిన్ను ఎప్పుడూ ఉండే 12 వోల్టులకి, 7వ పిన్ను ఏసీసీకి. కానీ కొన్ని కార్లలో ఈ రెండూ తారుమారుగా ఉంటాయి, యూరప్ కార్లలో ఎక్కువ. అప్పుడు పసుపుకి తాళంతో వచ్చే కరెంటు అందుతుంది. తాళం తీయగానే సెట్ మెమరీకి తిండి ఉండదు, అందుకే అన్నీ చెరిగిపోతున్నాయి. తాళం తీసి పసుపు మీద చూడండి, 12 లేకపోతే ఇదే. చాలా అడాప్టర్లలో పసుపు, ఎరుపు వైర్ల మీద ఊడదీసే చిన్న గుండ్రటి జాయింట్లుంటాయి, సరిగ్గా ఇందుకే. అడ్డంగా మార్చి పెట్టండి.

దీనికి అడ్డదారిగా పసుపు, ఎరుపు రెండూ ఎప్పుడూ ఉండే వైరుకే కలిపేస్తారు కొందరు. మెమరీ నిలుస్తుంది, సెట్ మాత్రం నిద్రపోదు. అర ఆంపియర్ లాగినా రోజుకి 12 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లో సగం దిగిపోతుంది. అంతా అయ్యాక ఒకసారి లీకేజీ కొలవండి: మీటరు 10 ఆంపియర్ల మీద, బ్యాటరీ మైనస్‌కీ దాని కేబుల్‌కీ మధ్య. తలుపులు మూసి అరగంట ఆగితే కారు కంప్యూటర్లన్నీ నిద్రపోతాయి, అప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. మీటరు అలా ఉండగా మాత్రం ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి, మీటరు పోతుంది.

సిగ్నల్‌మనిషి:

ఎఫ్ఎం సంగతి నేను చెప్తా. మీరు చెప్పిన ప్లాస్టిక్ గూడు ప్లగ్ పేరు ఫక్రా. అది వాడే చాలా కార్లలో ఏంటెనా కడ్డీ పొట్టిగా ఉంటుంది, అడుగున చిన్న బూస్టర్ ఉంటుంది. ఆ బూస్టర్‌కి కరెంటు పాత సెట్ అదే ఏంటెనా కేబుల్ గుండా పంపేది. బయటి సెట్లు చాలావరకు అలా పంపవు. మీరు పెట్టింది ఆకారం మార్చే ముక్కే, కరెంటు ఎక్కించేది కాదు. అదే ముక్క ఒక నీలం వైరుతో దొరుకుతుంది. ఆ వైరుని సెట్ నీలానికి కలిపితే కేబుల్‌లోకి 12 వోల్టులు వెళ్తాయి, హిస్స్ పోతుంది.

ఇక్కడ ఒక మెలిక. కొన్ని సెట్లలో నీలం మీద రేడియో పెట్టినప్పుడే 12 ఉంటుంది. ఏంటెనాకి అది చాలు. అదే వైరు యాంప్లిఫయర్‌కి ఇస్తే పాటలు పెన్‌డ్రైవ్‌కి మార్చగానే శబ్దం ఆగిపోతుంది. యాంప్లిఫయర్‌కి తెల్లగీత ఉన్న నీలమే ఇవ్వాలి.

పదోనంబర్:

స్టీరింగ్ బటన్లు: చిన్న కప్లర్‌లో రెండు మూడు వైర్లే ఉంటే అవి నిరోధకాల లెక్కతో పనిచేసేవి. ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో ఓముల విలువ. కప్లర్ ఊడదీసి, బటన్ వైరుకీ బటన్ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టి నొక్కి చూడండి. అంకె మారితే సెట్ కీ1, కీ2 వైర్లకి కలిపి, సెట్టింగ్స్‌లో ఒక్కో బటన్ నేర్పించండి. ఏ బటన్ నొక్కినా ఒకే పని జరిగితే బటన్ ఎర్త్ సరిగ్గా కలిసిందో లేదో చూడండి. అంకె మారకపోతే, లేదా సెట్ దగ్గరికి ఏసీసీ వైరు అసలు రాకపోతే, కారు సందేశాలు బహుశా క్యాన్ బస్ (కారు కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకునే వైర్ల జత) మీద నడుస్తున్నాయి. దానికి డీకోడర్ పెట్టె కావాలి, ఓముల లెక్క అక్కడ పనికిరాదు. మీకు ఏసీసీ దొరికింది కాబట్టి బహుశా మొదటి రకమే.

జాయింట్లకి సోల్డర్ కన్నా క్రింప్ (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కడం) మేలని నా మాట. సోల్డర్ పారిన చోట వైరు కడ్డీలా బిగుసుకుపోయి, కుదుపులకి సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది.

రాగితీగ:

సోల్డర్ మీద హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేసి, జాయింట్‌కి రెండు పక్కలా గుత్తితో కట్టేస్తే తెగదు. కట్టకుండా వేలాడదీస్తేనే మీరన్నట్టు అవుతుంది. నాసిరకం ప్లయర్‌తో నొక్కిన క్రింప్ కన్నా అది నయం. క్రింప్ చేశాక వైరు గట్టిగా లాగి చూడండి, ఊడితే మళ్లీ చెయ్యండి.

సిగ్నల్‌మనిషి:

కెమెరా మిగిలింది. కెమెరా ఎరుపు, నలుపు వైర్లు రివర్స్ లైటు బల్బు దగ్గర కలపండి. కెమెరా వీడియో కేబుల్ వెంట సన్నటి ఎర్ర వైరు ఒకటి ఉంటుంది. అటు చివర రివర్స్ లైటు ప్లస్‌కి, ఇటు చివర సెట్ మీద రివర్స్ అని రాసున్న వైరుకి కలిపితే గేర్ వెయ్యగానే స్క్రీన్ మారుతుంది. డిక్కీ తలుపు దగ్గర కేబుల్ రబ్బరు గొట్టం లోపలి నుంచే పోవాలి. బయట వదిలితే తలుపు వేసినప్పుడల్లా నలుగుతుంది.

బొమ్మ నలుపు తెలుపుగానో, పొర్లుతూనో వస్తే కెమెరా చెడిపోలేదు. సెట్టింగ్స్‌లో కెమెరా రకం సరిపోలేదు. సీవీబీఎస్ (మామూలు వీడియో), ఏహెచ్‌డీ (హెచ్‌డీ వీడియో) మార్చి చూడండి. బొమ్మ మిణుకుమిణుకుమంటే కారు బల్బుకి కరెంటు తుంపులు తుంపులుగా ఇస్తోంది. అప్పుడు కెమెరాకి నేరుగా బల్బు నుంచి కాక, ఏసీసీ నుంచి రిలే (కరెంటుతో ఆన్ అయ్యే స్విచ్) ద్వారా ఇవ్వాలి. బల్బు వైరు రిలేని ఆన్ చెయ్యడానికి మాత్రమే, దాని ముందు డయోడ్, కెపాసిటర్ ఉన్న ఫిల్టర్ పెడితే రిలే కొట్టుకోదు. కుడి ఎడమలు తిరగబడితే కెమెరా వైరు మీద చిన్న లూపులుంటాయి, ఒకటి కోస్తే అద్దం బొమ్మ మారుతుంది, ఇంకొకటి గైడ్ గీతలది. ఏది ఏదో కెమెరాతో వచ్చిన కాగితంలో చూసే కోయండి, కోశాక అతికించడం విసుగు.

కొత్తస్క్రూ:

పసుపు, ఎరుపు మార్చాను, మెమరీ నిలిచింది. నీలం వైరున్న ఏంటెనా ముక్క పెడితే స్టేషన్లన్నీ వచ్చాయి. బటన్లలో ఓములు మారుతున్నాయి, ఐదు నేర్పించాను. ఆఖరి ప్రశ్న: డబ్బా మీద 50 వాట్స్ ఇంటూ 4 అని ఉంది, కంపెనీ స్పీకర్లు కాలిపోతాయా?

రాగితీగ:

సెట్ వెనక ఫ్యూజు చూడండి, ఇలాంటివాటికి ఎక్కువగా 10 ఆంపియర్లదే ఉంటుంది. 14.4 వోల్టులతో గుణిస్తే 144 వాట్స్. లోపలికి వచ్చేదే అంత అయితే ఆగకుండా 200 ఎక్కడ్నుంచి బయటికిస్తుంది? ఆ 50 క్షణకాలం వచ్చే గరిష్ఠం. నిలకడగా ఒక్కో స్పీకర్‌కి 15 నుంచి 22 వాట్స్. కంపెనీ స్పీకర్లని కాల్చేది వాటేజ్ కన్నా గొంతు చీరుకుపోయేంత వాల్యూమ్. శబ్దం గరగరమనడం మొదలవగానే రెండు మూడు మెట్లు దించండి. బేస్ బూస్ట్ సున్నాలో పెట్టండి. ఫోన్ మాట్లాడే మైకు వైరు ఒక్కటి మర్చిపోకండి. ముందు అద్దం పక్క స్తంభంలోంచి లాగితే ఎయిర్‌బ్యాగ్ ముందు నుంచి కాదు, వెనక నుంచి పోనివ్వాలి.