శుభలేఖ మీది ఆర్.ఎస్.వి.పి. ఏ భాషది?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి ఇంగ్లిషులో వేయిస్తున్న శుభలేఖ ప్రూఫులో, మా ఫోన్ నంబర్ల పైన ప్రెస్సువారు ‘ప్లీజ్ ఆర్.ఎస్.వి.పి.’ అని పెట్టారు. ఇది ఫ్రెంచి మాట అని మా తమ్ముడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు 1: మీ తమ్ముడుగారు చెప్పింది నిజమేనండి. ‘రెపోందే సిల్ వు ప్లే’, అంటే ‘దయచేసి బదులివ్వండి’ అనే ఫ్రెంచి వాక్యానికి అవి పొడి అక్షరాలు. ‘దయచేసి’ అందులోనే ఉంది కనుక ముందున్న ‘ప్లీజ్’ తీసేయించండి.

జవాబు 2: ఇంగ్లిషులోకి ఫ్రెంచి మాటలు వెల్లువలా వచ్చింది 1066లో ఫ్రాన్సు ఉత్తర తీరం నుంచి వచ్చిన, ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాతే. పొలంలో మేసేటప్పుడు ‘షీప్’ అయిన గొర్రె పళ్లెంలోకి వచ్చేసరికి ‘మటన్’ అవుతుంది. ఆ రెండో మాట ఫ్రెంచి ‘ముతోఁ’ నుంచి వచ్చింది. ‘జడ్జి’, ‘జ్యూరీ’ కూడా ఆ దారిన వచ్చినవే. మన కోర్టుల్లో రోజూ వినబడే ‘జడ్జి’ అనే మాటకు ఇంత వెనకటి చరిత్ర ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

జవాబు 3: ఆపదలో పైలట్లు మూడుసార్లు పలికే ‘మేడే’ కూడా ఇలాంటిదే. లండన్ దగ్గరి క్రోయ్‌డన్ విమానాశ్రయానికి పారిస్‌తో రాకపోకలు ఎక్కువగా ఉన్న 1920ల్లో, ‘నాకు సాయం చేయండి’ అనే ఫ్రెంచి మాటను పోలేలా దాన్ని ఎంచుకున్నారు. మే నెల ఒకటో తేదీకి దానితో సంబంధం లేదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. ప్రూఫులో ‘ప్లీజ్’ కొట్టివేశాను.