లైనక్స్‌లో కేబుల్ కనపడుతోంది, రేడియో మాత్రం పలకట్లేదు

నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. 2018లో తిత్లీ తుఫానుకి కరెంటూ ఫోన్లూ పోయి అల్లాడిపోయాం. అప్పుడు పట్టిన పిచ్చే ఈ హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే వైర్‌లెస్. లైసెన్సు మొన్నీమధ్యే చేతికొచ్చింది.

రేడియో బావోఫెంగ్ యూవీ-5ఆర్, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 లైనక్స్. రేడియోని ల్యాప్‌టాప్‌కి కలిపే ప్రోగ్రామింగ్ కేబుల్ ఆన్‌లైన్లో కొన్నాను, అందులో సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్పు ఉంది. మొదట్లో గుచ్చగానే టీటీవై-యూఎస్‌బీ-0 అనే పోర్టు కనపడి, రెప్పపాటులో మాయమయ్యేది. కెర్నల్ లాగ్ చూస్తే దొంగ దొరికాడు: బీఆర్ఎల్‌టీటీవై. చూపులేనివాళ్ల బ్రెయిలీ పరికరాల కోసం పెట్టిన ప్రోగ్రాం అది, నా కేబుల్నీ అలాంటిదే అనుకుంది పాపం. తీసేశాను. పోర్టు వాడుకునే అనుమతి కోసం నన్ను డయలౌట్ గ్రూపులో చేర్చుకుని రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు పోర్టు కుదురుగానే ఉంటోంది.

అయినా చిర్ప్‌లో (రేడియోలో ఛానళ్లు నింపే ప్రోగ్రాం) డౌన్‌లోడ్ నొక్కితే రేడియో జవాబివ్వలేదనే అంటోంది. మోడల్ సరిగ్గానే ఎంచుకున్నా, వాల్యూమ్ కూడా పెంచి చూశా.

నా అనుమానమల్లా ప్లగ్గు మీదే. రెండు పిన్నులూ అడుగుదాకా దిగట్లేదు, గోరు దూరేంత సందు మిగులుతోంది. గట్టిగా అదిమి పట్టుకుంటే ఒక్కసారి రేడియో లైటు వెలిగి ఆరింది. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్‌ని బ్లేడుతో చెక్కనా? చెక్కితే వాపసు తీసుకోరని మా ఆవిడ గోల. పోనీ, రేడియోకి తగిలించకుండా కేబుల్ ఒక్కదాన్నే పరీక్షించాలంటే ఏ పిన్నుని దేనితో కలపాలి? ఇంట్లో విండోస్ లేదు. చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.