పికప్ బండి మైలేజీ 13 నుంచి 10కి పడిపోయింది, ఇంజెక్టర్లు మార్చాల్సిందేనా?

టమాటాబండి
అందరికీ నమస్తే అన్నా. నాది 2018 బీఎస్4 పికప్, 1.7 టన్నుల బండి, 2.5 లీటర్ డీజిల్ ఇంజన్, మీటరు 1,92,000 తిరిగింది. మదనపల్లి మార్కెట్ నుంచి చెన్నై కోయంబేడుకి టమాటా తోల్తా ఉండా, వారానికి రెండు మూడు ట్రిప్పులు. ముందు లీటరుకి 13 ఇస్తా ఉండె, ఈ నాలుగు నెలల్నుంచి 10 దాటడం లే. బాడుగ చూస్తే పోయినేడు రేటే, సగం డీజిల్‌కే పోతే ఇంక ఫైనాన్స్ కంతు యాడ్నుంచి కట్టేది.

మెకానిక్ చూసి ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ పోయినాయి, 38 వేలు అయితాది అంటాండాడు. నల్ల పొగ లేదు, పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే లేస్తాది, లాగడంలో తేడా ఏం లేదు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఆయిలు రెండు నెలల కిందే మార్పించినా. 38 వేలు పెట్టినాక కూడా 10 ఇస్తే నా గతేంది, అందుకే అడగతాండా.

గుంటూరు_పాతబండి
తమ్ముడూ ముందు ఇది చెప్పు, ఆ 10 అనేది ఎలా లెక్క కట్టావు? ట్యాంక్ ఫుల్ చేసి చూశావా లేక ముల్లు చూసి చెప్తున్నావా?

టమాటాబండి
ట్యాంక్ ఫుల్ ఎప్పుడూ కొట్టియ్యలేదన్నా. మన కన్నా తమిళనాడులో డీజిల్ తక్కువ కదా, చిత్తూరు దాటినాక రెండు వేలకి, వచ్చేటప్పుడు రాణిపేట దగ్గర ఇంకో రెండు వేలకి కొట్టిస్తా. నెలాఖరుకి డబ్బులు, కిలోమీటర్లు చూసుకుంటా.

గుంటూరు_పాతబండి
అదీ సంగతి. అది డబ్బుల లెక్క, డీజిల్ లెక్క కాదయ్యా. ట్యాంకులో ఎంత మిగిలిందో తెలీకుండా లీటరుకి ఇంత అని చెప్పడం కుదరదు. ఒకే బంకు, వీలైతే అదే పంపు, బండి నేల చదునుగా ఉన్నచోట నిలబెట్టి ఫుల్ కొట్టించు, గన్ను టక్కుమని ఆగాక ఇంకో వందకి కొట్టు అని అడగొద్దు. ట్రిప్ మీటరు సున్నా చేసి చెన్నై వెళ్లి వచ్చి మళ్లీ అక్కడే ఆటో కట్ దాకా కొట్టించి, పట్టిన లీటర్లతో కిలోమీటర్లు భాగించు. రెండు మూడు ట్రిప్పులు ఇలా చేస్తేగానీ నమ్మొద్దు. బంకు మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలత డబ్బా అడుగు, తూనికలు కొలతల వాళ్ల ముద్ర వేసింది ప్రతి బంకులో ఉండాలి, నీ కళ్ల ముందు కొట్టి చూపించాలి. 5 లీటర్లకి 25 ఎంఎల్ లోపు తేడా అయితే దాన్ని మోసం అనలేం.

ఓరుగల్లు_గూడ్స్
తమ్మీ నాలుగు నెలల సంది అంటున్నవ్ కదా, ఆ నాలుగు నెలల కింద బండికి ఏం మార్చినవ్? టైర్లు ఏమన్న మార్చినవా?

టమాటాబండి
అవునన్నా అప్పుడే నాలుగు టైర్లూ వేసినా. బండితో వచ్చినవి 215/75 ఆర్15 రేడియల్, అవి లోడుకి నిలబడ్డం లేదని 7.00-15 నైలాన్ వేసుకున్నా. స్టెప్నీ ఒకటి పాతదే ఉంది.

ఓరుగల్లు_గూడ్స్
గదే చెప్తున్న ఇగ చూడు. మీటరు కిలోమీటర్లు కొలుస్తలేదు, చక్రం ఎన్ని సుట్లు తిరిగిందో లెక్కపెడ్తున్నది అంతే, కంపెనోడు వేసిన టైరు లెక్కన దాన్ని కిలోమీటర్లు చేసి చూపిస్తది. నువ్వు పెద్ద టైరు వేసినంక ఒక్క సుట్టుకి బండి ఎక్కువ దూరం పోతది, మీటర్ల మాత్రం పాత లెక్కనే పడ్తది. అంటే నువ్వు తిరిగిన దూరం కన్న మీటరు తక్కువ చూపిస్తున్నది, మైలేజీ గూడ గంతే తక్కువ కనిపిస్తది. ఒక తాడు తీస్కొని స్టెప్నీ సుట్టు కొలువు, కొత్త టైరు సుట్టు కొలువు. హైవే మీద కిలోమీటరు రాళ్లతోని గూడ ఒకపారి సరిచూసుకో. నేను గిట్లనే ఆర్నెల్లు మెకానిక్ మీద మొత్తుకున్న, తర్వాత తెలిసింది.

అట్లని మొత్తం తేడా గదే కాదు. నైలాన్ టైరు రేడియల్ కన్న బరువుగా దొర్లుతది, కొంత డీజిల్ నిజంగనే తింటది. ఇంకో మాట, ఆ చిన్న స్టెప్నీని ఎనకకు వేసి లోడుతోని నడపకు, రెండు పక్కల సైజు వేరైతే డిఫరెన్షియల్ (ఎనక రెండు చక్రాల నడుమ ఉండే గేర్ల పెట్టె) ఆగకుండ తిరుగుతనే ఉంటది.

షెడ్డు_పనోడు
నేను షెడ్డు నడుపుతాను కాబట్టి చెప్తున్నా, ఇంజెక్టర్లు పోయాయని చూపు చూసి చెప్పేవాడి దగ్గర డబ్బులు పెట్టకండి. ఇంజెక్టర్లలో మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులు తీసి నాలుగు సీసాలు తగిలించి ఇంజన్ కాసేపు నడిపితే, ఏ ఇంజెక్టర్ పోయిందో ఆ సీసా మిగతా వాటికన్నా ముందు నిండిపోతుంది, పది నిమిషాల పని. పొద్దున స్టార్టింగ్ బాగుంది పొగ లేదు అంటున్నారంటే నాకైతే ఇంజెక్టర్ల మీద అనుమానం తక్కువే.

నా అనుమానం బ్రేకుల మీద. ఒక 20 కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆపండి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి (ఆనించొద్దు, కాలుద్ది), ఒకటి మిగతా వాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందని అర్థం. ఖాళీ బండి న్యూట్రల్‌లో పెట్టి తోస్తే మనిషి బలానికి కదలాలి, కదలట్లేదంటే డీజిల్ అంతా ఆ బ్రేకు వేడి చేయడానికే పోతోందన్నమాట.

థర్మోస్టాట్ వాల్వు (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది) ఉందో లేదో కూడా చూపించండి. ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని చాలామంది దాన్ని పీకి పారేస్తారు, తర్వాత ఇంజన్ అసలు సరైన వేడికే రాదు, చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) డీజిల్ ఎక్కువ పోస్తానే ఉంటుంది. టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడుతోంది?

మీరు మొగిలి ఘాట్ దిగుతారు కదా, న్యూట్రల్‌లో దిగుతున్నారా?

టమాటాబండి
ముల్లు ఎప్పుడూ కిందనే ఉంటాదన్నా, బాగుంది అనుకుంటి. ఘాట్లో న్యూట్రల్ వేస్తా, డీజిల్ మిగులుతాది కదా.

షెడ్డు_పనోడు
మిగలదు. ఇది పాత పంపు బండి కాదు, సీఆర్‌డీఐ, అంటే డీజిల్ ఎంత పోయాలో కంప్యూటరే చూసుకునే ఇంజన్. గేర్లో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, ఈసీయూ డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ పోయాల్సిందే. పైగా ఇంజన్ పట్టు లేక బరువంతా బ్రేకుల మీద పడి, వెనక బ్రేకు డ్రమ్ములు కాలి, లోపలి లైనర్లు పట్టేసేది కూడా దానివల్లే. మైలేజీ సంగతి అటుంచి, లోడు బండి ఆ ఘాట్లో న్యూట్రల్ అంటే ప్రాణాలతో ఆట బాబూ.

కడప_బీఎస్6
నాది బీఎస్6, నాకూ మైలేజీ పడింది, నాకు మాత్రం సైలెన్సర్లో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టరు) వల్ల అంట. ఊర్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిప్పితే మసి కాలక నిండిపోతాంది, దాన్ని కాల్చేకి మళ్లా డీజిలే పోస్తాది. వారానికొకసారి హైవేలో ఓ అరగంట తోలమన్నారు. నీది బీఎస్4 కాబట్టి ఈ బాధ లేదులే.

గుంటూరు_పాతబండి
ఇంతకీ క్రేట్లు ఎన్ని ఎక్కిస్తున్నావో చెప్పలేదు 🙂

టమాటాబండి
90 అన్నా. అందరూ అంతే ఎక్కిస్తారు, తక్కువ అంటే మండీలో వేరే బండి పిలుస్తారు.

గుంటూరు_పాతబండి
క్రేటుకి 25 కిలోలు వేసుకున్నా 2250 కిలోలు, డబ్బాల బరువు కాక. బండి 1.7 టన్నులది. ఇంజెక్టర్ని ఏం అనాలి మరి. ఓవర్‌లోడుకి కేంద్ర చట్టంలో జరిమానా 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2 వేలు, ఒక్కసారి పట్టుకుంటే నీ ఇంజెక్టర్ల డబ్బులో సగం పోయినట్టే. మండీ వాళ్ల సంగతి నాకూ తెలుసు, ఊరికే తిట్టట్లేదు.

టమాటాబండి
రెండు వారాల తర్వాత చెప్తాండా అన్నలారా. తాడుతో కొలిస్తే స్టెప్నీ 2 మీటర్ల 19 సెంటీమీటర్లు, కొత్త టైరు 2 మీటర్ల 34. హైవేలో రాళ్ల ప్రకారం 30 కిలోమీటర్లు పోతే మీటర్లో 28 పడింది, ఓరుగల్లు అన్న చెప్పిందే నిజం. ఎడమ పక్క వెనక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలతా ఉండె, విప్పితే లైనరు పట్టేసి ఉంది, హ్యాండ్ బ్రేకు కేబులు కూడా తుప్పు పట్టి వెనక్కి రావడం లే. రెండూ కలిపి 3,400 అయింది.

బ్రేకు చేసినాక ఫుల్ ట్యాంక్ లెక్క చూసినా, పోయి రావడానికి మీటర్లో 466, పట్టింది 41.3 లీటర్లు. మీటరు లెక్కన 11.3, అసలు దూరం వేసుకుంటే 12 పైనే వచ్చింది. ముందు చెప్పిన 13 కూడా నోట్ల లెక్కే కాబట్టి ఇప్పుడు దాని మీద కూడా నమ్మకం లే 😅 సీసాల టెస్టు చేపిచ్చినా, నాలుగూ సమంగా నిండినాయి. ఘాట్ గేర్లోనే దిగతాండా.

వాల్వు సంగతి మెకానిక్‌ని అడిగితే నవ్వినాడు, పోయిన ఎండాకాలం వాడే తీసేసినాడంట, నాకు చెప్పనే లేదు.

షెడ్డు_పనోడు
అనుకున్నా. కొత్తది వేయించండి, కూలెంట్ కూడా మార్పించండి, నీళ్లు పోసి వదిలేయనివ్వద్దు. ముల్లు సగానికి వచ్చి నిలబడ్డాక ఇంకోసారి ఫుల్ ట్యాంక్ లెక్క పెట్టండి.